తెరమీది పిల్లలు – ఇంటిలోని పెద్దలు



ఈ పూట నేను ముచ్చటింపబోవు విషయము మన పల్లెల రచ్చబండ మీద సాధారణముగా వినబడునది కాదు. పదునాలుగు, పదునారేండ్ల పిల్లల కొరకు తీయబడుచున్న టెలివిజను నాటకములలో, తోడి పిల్లలకంటె వేరైన స్వభావముతో పుట్టిన పిల్లలను ఏ విధముగా చూపుచున్నారు? దానివలన మన యిండ్లలోని పిల్లలకు కలుగునది మేలా, కీడా? ఆ విషయమున పెద్దలమైన మనము చేయదగినది ఏమి? ఇవియే నా ప్రశ్నలు.

వేరైన స్వభావమనగా ఏమో మొదట స్పష్టముగా చెప్పెదను. మగబిడ్డగా పుట్టియు తన్ను స్త్రీగా ఎరుగువారు కొందరు. ఆడుబిడ్డగా పుట్టియు తన్ను పురుషునిగా ఎరుగువారు కొందరు. యౌవనము రాగానే తమవంటి వారియందే ప్రేమ పుట్టు బాలురు, బాలికలు మరికొందరు. వీరందరిని కలిపి ఆంగ్లమున ‘క్వీర్’ అందురు. ఆ మాట పూర్వము తిట్టుగా ఉండెను. ఆ తిట్టు తిన్నవారే కాలక్రమమున దానిని తమ పేరుగా చేసికొనిరి.

ఇది పట్టణములవారి ముచ్చట, మనకేల అని కొందరు పెద్దలు అనుకొనవచ్చును. కాని ఒక్క సంగతి ఆలోచింపుడు. పూర్వము నాటకము ఊరి నడుమ ఆడెడిది. ఊరంతయు ఒక్కచోట కూర్చుండి చూచెడిది. మనుమడు ఏమి చూచుచున్నాడో తాతకు తెలియును. తాత ఎక్కడ నవ్వెనో, ఎక్కడ కన్నులు తుడుచుకొనెనో మనుమనికి తెలియును. నేడు నాటకము చేతి ఫోనులోనికి దూరినది. పిల్లవాడు చెవిలో తీగ పెట్టుకొని, దుప్పటి కప్పుకొని, ఏ దేశపు కథనో చూచుచుండును. తాత చూచునది మాత్రము నట్టింటిలోని టెలివిజను. తాత చూచునదంతయు మనుమడు చూచును. మనుమడు చూచునది తాత యెరుగడు. కావుననే పెద్దలతో ఈ మాట చెప్పవలసి వచ్చినది.

మన చిత్తూరు, తిరుపతి సీమలవారికి వేషము క్రొత్తది కాదు. ధర్మరాజుల గుళ్ల ముందర భారత ఉత్సవములు జరుగునప్పుడు పగలు భారతకథ చెప్పుదురు, రాత్రి వీథినాటకము ఆడుదురు. అర్జునుడు తపస్సు మాను ఎక్కుటయు, కడపటి దినమున దుర్యోధన వధయు చూచుటకు చుట్టుప్రక్కల ఊళ్లన్నియు కదలి వచ్చును. ఆ నాటకములలో ద్రౌపది వేషమును తరతరములుగా పురుషులే వేయుచు వచ్చిరి. సభలో ద్రౌపది మొరపెట్టుకొనునప్పుడు, కొంగు అడ్డము పెట్టుకొని ఏడ్చిన అవ్వలకు ఆ చీరలో ఉన్నవాడు ప్రక్క ఊరి రైతు అను సంగతి తెలియనిది కాదు. తెలిసియే ఏడ్చిరి.

అదే భారతమున బృహన్నల యున్నాడు. ఊర్వశి శాపమును అజ్ఞాతవాసమునకు అనుకూలముగా మార్చుకొని, అర్జునుడు విరాటుని కొలువున ఉత్తరకు నాట్యము నేర్పుచు ఒక సంవత్సరము గడపెను. ఇట్టివాడు నాకు సారథియా అని ఉత్తరకుమారుడు మొదట సంకోచించెను. కడకు యుద్ధభూమిలో ఆ ఉత్తరకుమారుని ప్రాణమును, మానమును కాచినది ఆ బృహన్నలయే. ఈ కథ మన పెద్దలకు కంఠస్థము. శిఖండి కథయు అట్టిదే.

ఇక తిరుపతి గంగమ్మ జాతర సంగతి. తాతయ్యగుంట గంగమ్మకు ప్రతి సంవత్సరము మే మాసమున వారము దినములు జాతర జరుగును. చాటింపుతో మొదలై, అమ్మవారి విశ్వరూపముతో ముగియును. పూర్వము ఒక పాలెగాడు ఆడబిడ్డలను చెరచుచుండగా, వానిని శిక్షించుటకు గంగమ్మ పూనుకొనెనని కథ. వాడు భయపడి దాగుకొనగా, ఆ తల్లి దినమునకొక వేషము దాల్చి వానిని వెదకెను. బైరాగి వేషము, బండ వేషము, తోటి వేషము వరుసగా కట్టి, తుదకు దొర వేషమున రాగా, నిజముగా దొరయే వచ్చెనని వాడు బయటికి వచ్చి చిక్కెను. అనగా స్త్రీ దేవత పురుష వేషము దాల్చినది. ఆ దేవతకు మ్రొక్కు తీర్చుకొనుటకు పురుషులు స్త్రీ వేషము దాల్చుదురు. కథలోని వేషములను కైకాలవారు పరంపరగా కట్టుచున్నారు. తక్కిన భక్తులలో వేలమంది పురుషులు చీర కట్టి, గాజులు తొడిగి, పూలు ముడిచి అమ్మవారి దర్శనమునకు పోవుదురు. తల్లియే కొడుకునకు జడ వేయును, భార్యయే భర్తకు కొంగు సవరించును. ఆ వేషమును చూచి వెక్కిరించుట పాపమని తిరుపతిలో పసిబిడ్డకును తెలియును.

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమునకు చెందిన జాయిస్ ఫ్లూకిగర్ అను ఆచార్యురాలు ఈ జాతరను పలుమార్లు చూచి, తిరుపతి వాసులతో కలిసి మెలిసి, 2013లో ఒక గ్రంథము ప్రకటించెను. ‘లోకము స్త్రీగా మారునప్పుడు’ అని దాని పేరునకు అర్థము. పురుషుడు ఒక్క దినమైనను స్త్రీగా ఉండి ఆ శక్తిని తెలిసికొనవలెనని ఒక ఊరు ఊరంతయు ఒప్పుకొన్న చోటు లోకమున ఎన్ని యున్నవి? ఇది మనకు గర్వకారణమే.

అయినను ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. జాతర ముగియును. భక్తుడు చీర విప్పి, మడిచి పెట్టి, మరునాడు యథాప్రకారము అంగడికో పొలమునకో పోవును. ఆయన గృహస్థు. ఆయనకు అది వేషము. కాని ఆ గుంపులోనే, విప్పుటకు వీలులేని వారును కొందరు ఉందురు. వారికి చీర వేషము కాదు. వారము దినములు వారికి దారి యిచ్చి దండము పెట్టిన వీథి, ఎనిమిదవ దినమున వారిని చూచి నవ్వును. ఇల్లు అద్దెకు ఇయ్యదు, పనిలో చేర్చుకొనదు. తుదకు అంగళ్ల ముందర, రైలు పెట్టెలలో చేయి చాచు బ్రతుకొక్కటే అనేకులకు మిగులును.

వీరు ఏ నలుగురో అయిదుగురో కారు. 2011 జనాభా లెక్కలలో స్త్రీ, పురుష అను రెండు గడులు గాక ‘ఇతరులు’ అను మూడవ గడిని మొదటిసారిగా పెట్టిరి. దేశమంతట ఆ గడిలో 4,87,803 మంది చేరిరి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 43,769 మంది చేరిరి. ఇది తమ సంగతి వ్రాయించుకొనిన వారి లెక్క మాత్రమే. ఇంటిలో చెప్పలేక, లెక్క వ్రాయువానికిని చెప్పలేక మిన్నకున్న పిల్లలు ఏ లెక్కకును రారు. నేడు నా మాటలు ముఖ్యముగా ఆ పిల్లలను గూర్చియే.

ఇక తెర మీది కథలకు వత్తము. మన రంగస్థలమున స్త్రీ పాత్రలను పురుషులు ధరించిన కాలమున ప్రేక్షకులు వారిని హేళన చేయలేదు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా నిలిచినప్పుడు తెలుగుదేశము మురిసిపోయెను. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించెను. కూచిపూడి భామాకలాపమున వేదాంతం సత్యనారాయణశర్మగారిని చూచి స్త్రీలే ఆశ్చర్యపడిరి. 1970లో ఆయనకును పద్మశ్రీ వచ్చెను. అది కళయందలి గౌరవము.

సినిమా వచ్చిన పిమ్మట ఆ గౌరవము క్రమముగా నవ్వులాటయైనది. నడక కొంచెము మెత్తగా ఉన్న మగవానిని తెచ్చి, నాయకుని ప్రక్కన నిలిపి, వాని మాటను, చేతిని అనుకరించి నవ్వించుట మన చిత్రములలో ఒక అలవాటుగా పాతుకొన్నది. ఆ పాత్రకు ఊరు లేదు, తల్లి లేదు, కష్టము లేదు. నవ్వు పుట్టించి పోవుటయే వాని పని. టెలివిజనులోను అంతియే. 2013లో మొదలైన ‘జబర్దస్త్’ అను హాస్య ప్రదర్శనలో ఆడువేషములు వేసి నవ్వించిన నటులు ఇంటింటికి పరిచితులైరి. అట్లు నవ్వించిన వారిలో ఒకరికి ఆ వేషము వేషము కాదని తరువాత లోకమునకు తెలిసినది. ఆమె ప్రియాంక సింగ్ అను పేర స్త్రీగా జీవించుచు, 2021లో ‘బిగ్ బాస్’ తెలుగు ప్రదర్శన అయిదవ ఆవృత్తిలో పాల్గొని, తన కథను తానే చెప్పుకొనినది. అంతకు ముందే 2019లో, మూడవ ఆవృత్తిలో తమన్నా సింహాద్రి యను ఆమె వచ్చినది. తెలుగు ఇండ్లలో అవ్వలు, తాతలు, అన్నము తినుచు ప్రతి రాత్రియు చూచు కార్యక్రమమున, అట్టివారు ఇతరులతోపాటు వంట చేయుచు, అలుగుచు, ఏడ్చుచు, మామూలు మనుష్యులుగా కనబడుట క్రొత్త సంగతి.

మన సీమ కథనే తీసికొని సుకుమార్‌గారు తీసిన ‘పుష్ప 2’ చిత్రము 2024 డిసెంబరు 5వ తేదీన విడుదలయ్యెను. అందులో అల్లు అర్జున్‌గారు జాతర సందర్భమున చీర కట్టి, నగలు పెట్టి, స్త్రీ వేషమున కనబడిరి. దేశము నలుమూలల ప్రేక్షకులు ఈలలు వేసిరి. చీర కట్టినందున ఆ నాయకుని పౌరుషమునకు కొరత వచ్చెనని ఎవరును అనలేదు. మంచిదే. కాని అదే సినిమా చూచి వచ్చిన కుర్రవాండ్రు, తమ తరగతిలో కొంచెము మెత్తగా నడచు పిల్లవానిని మరునాడు ఏమని పిలిచిరి? ఆ ప్రశ్న వేసికొననిచో ఆ ఈలలకు అర్థము లేదు.

ఇప్పుడు ఇతర దేశముల సంగతి చెప్పెదను. మన పిల్లలు ఫోనులలో చూచు కథలలో అధిక భాగము అక్కడివే.

అమెరికాలో 1994లో ‘మై సో కాల్డ్ లైఫ్’ అను టెలివిజను నాటకము వచ్చెను. అది ఉన్నత పాఠశాల పిల్లల కథ. అందులో రికీ అను పిల్లవాడు కన్నులకు కాటుక పెట్టుకొని బడికి వచ్చును. మగపిల్లలను ప్రేమించు స్వభావము వానిది. వాని మేనమామ వానిని కొట్టి ఇంటినుండి వెడలగొట్టును. క్రిస్మసు పండుగ నాడు, ఇండ్లన్నియు దీపములతో వెలుగుచుండగా, ఆ పిల్లవాడు మంచులో వీథుల వెంట తిరుగును. తుదకు బడిలో పాఠము చెప్పు ఒక ఉపాధ్యాయుడు వానికి తన యింట చోటిచ్చును. ఆ పాత్ర ధరించిన విల్సన్ క్రూజ్ అను నటుడు నిజ జీవితమున తన స్వభావమును ఇంటిలో చెప్పుకొన్నందున తండ్రిచేత వెడలగొట్టబడి, కొన్ని నెలలు తన కారులోను, స్నేహితుల ఇండ్లలోను తలదాచుకొనినవాడే. తరువాతి కాలమున ఆ తండ్రియు కుమారుడును మరల కలిసికొనిరి. అది వారి భాగ్యము. అందరికిని ఆ భాగ్యము కలుగదు.

ఆ కాలముననే ‘ట్రెవర్’ అను చిన్న చిత్రము వచ్చెను. పదుమూడేండ్ల బాలుడొకడు, తోటివారు వెలివేయగా, బ్రతుకు చాలించుకొనుటకు ప్రయత్నించి బయటపడు కథ అది. దానికి ఆస్కారు బహుమానము వచ్చినది. 1998లో దానిని టెలివిజనులో ప్రదర్శింప నిశ్చయించినప్పుడు దానిని తీసినవారికి ఒక ఆలోచన తట్టెను. ఇట్టి దుఃఖములోనే యున్న పిల్లవాడు ఎవడైనను ఈ రాత్రి దీనిని చూచినచో, వెంటనే ఎవరితో మాటలాడును? వెదకి చూడగా అట్టి పిల్లల కొరకు దేశమంతటికిని పగలు రాత్రి పనిచేయు ఫోను ఏర్పాటు ఒక్కటియు లేదు. అంతట వారే ఒక సంస్థను స్థాపించి, చిత్రము ప్రదర్శింపబడు రాత్రికే ఫోనుల వద్ద మనుష్యులను కూర్చుండబెట్టిరి. ఒక కథను తెరకెక్కించువారికి ఆ కథ చూచు పిల్లవాని యెడ బాధ్యత కలదని వారు గుర్తించిరి. నేటికిని ఆ సంస్థ పనిచేయుచున్నది.

ఇటీవలి నాటకములలో నేను ముఖ్యముగా చెప్పదగినది 2022లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా వచ్చిన ‘హార్ట్‌స్టాపర్’. అలిస్ ఓస్మన్ అను ఇంగ్లండు రచయిత్రి గీచిన బొమ్మల కథకు అది నాటక రూపము. చార్లీ, నిక్ అను ఇద్దరు బడిపిల్లల స్నేహము ప్రేమగా మారుట దాని యితివృత్తము. నిక్ దేహదారుఢ్యము గలవాడు, బంతియాటలో మేటి, అందరు మెచ్చుకొను పిల్లవాడు. అనగా మన సినిమాలలోని నవ్వులాట పాత్రకు పూర్తిగా విరుద్ధము. ఆ కథలో ఒక ఘట్టమున నిక్ భయపడుచు తన మనసులోని మాట తల్లికి చెప్పును. ఆమె కోపపడదు. దగ్గరకు తీసికొని, చెప్పినందుకు సంతోషించి, ఇన్నాళ్లు నాతో చెప్పలేవని నీకు తోచునట్లు నేనేమైన ప్రవర్తించి యున్నచో క్షమింపుమని అడుగును.

పెద్దలారా, ఆ ఘట్టమును లోకమున లక్షలమంది పిల్లలు చూచిరి. వారు ఏమని చూచియుందురు? అట్టి తల్లి నాకును ఉన్నదా అని చూచియుందురు. అటువంటి ప్రశ్న మనసులో పెట్టుకొని మన యింటి పిల్ల యొక్కతె ఫోను మూసి మన ముఖము వంక చూచినప్పుడు, మన ముఖమున ఏమి కనబడును?

ఈ నాటకములన్నియు దోషరహితములని నేను చెప్పను. కొన్నింటిలో పిల్లల వయసునకు తగని దృశ్యములు అధికము. 2023లో హిందీలో వచ్చిన ‘క్లాస్’ అను ధారావాహిక ఢిల్లీలోని ధనికుల బడి కథ. అందులో ఇద్దరు అబ్బాయిల ప్రేమను చూపిరి గాని, హత్యలు, మత్తుపదార్థములు, విచ్చలవిడి బ్రతుకు అంతకంటె ఎక్కువ చోటు ఆక్రమించినవి. మరొక దోషమేమనగా, ఇట్టి పాత్ర సుఖపడబోవు తరుణముననే దానిని చంపివేయుట. 2016లో ‘ది 100’ అను అమెరికా నాటకమున లెక్సా యను యువనాయకురాలు, తాను ప్రేమించిన స్త్రీతో కలిసిన వెనువెంటనే తుపాకి గుండు తగిలి మరణించును. చూచు యువజనులు తీవ్రముగా నిరసించిరి. మావంటి వారి కథలన్నియు చావుతోనే ముగియవలెనా అని వారడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనది. ఏ కథలోను తనవంటివారు బ్రతికి బాగుపడుట చూడని పిల్లవాడు తాను మాత్రము బాగుపడుదునని ఎట్లు నమ్మును?

చావు చూపిన కథలన్నియు చెడ్డవని కాదు. ఏల చచ్చెను, ఎవరు చంపిరి అను ప్రశ్న ప్రేక్షకుని గుండెలో నాటునట్లు చూపిన యెడల అదియు మేలే. మన సరిహద్దునకు ఆవల తమిళమున, సుధా కొంగరగారు 2020లో ‘తంగం’ అను చిన్న కథ తీసిరి. అది ‘పావ కదైగళ్’ అను సంపుటములోనిది. పల్లెటూరి పిల్లవాడు సత్తార్ తన్ను స్త్రీగా ఎరిగినవాడు. తాను ప్రేమించిన స్నేహితుడు తన చెల్లెలినే ప్రేమించుచున్నాడని తెలిసి, తన కోరికను చంపుకొని, వారిద్దరిని కలుపును. ఆపద వచ్చినప్పుడు ఆ ఊరిలో ఒక్క తలుపును సత్తార్ కొరకు తెరచుకొనదు. ఆ కథ చూచి ముగించిన తరువాత మనకు జ్ఞాపకముండునది సత్తార్ చీర కాదు, మూసిన తలుపులు. 2019లో వచ్చిన ‘సూపర్ డీలక్స్’ చిత్రమున, ఇల్లు విడిచిపోయిన తండ్రి ఏండ్ల తరువాత స్త్రీగా తిరిగి వచ్చును. ఇంటిలోని పెద్దలు నిర్ఘాంతపోవుదురు. చిన్న కొడుకు మాత్రము చేయి పట్టుకొని బడికి తీసికొని పోవును. ఆ పాత్రకు విజయ్ సేతుపతిగారు జాతీయ బహుమానము పొందిరి.

ఇప్పుడు పెద్దల మనసులలో కలుగు సందేహములకు వత్తును. ఇట్టి కథలు చూచి పిల్లలు చెడిపోరా అని మొదటి సందేహము. నా సమాధానము సులభము. చూచుటవలన స్వభావము మారునదే యైనచో, మన కథలన్నియు స్త్రీ పురుషుల ప్రేమకథలే కదా? వేయి సినిమాలలో నాయకుడు నాయికను ప్రేమించుట చూచుచు పెరిగిన ఈ పిల్లలు ఆ ప్రకారము ఏల మారలేదు? జాతరలో చీర కట్టిన వేలమంది గృహస్థులు ఏల మారలేదు? కథ స్వభావమును పుట్టింపదు. స్వభావము ఉన్నవానికి, నీవు ఒంటరివి కావని చెప్పును. లేనివానికి, ప్రక్కవానిని బాధింపకుమని చెప్పును.

ఇది రోగమేమో, వైద్యము చేయింపవలెనేమో అని రెండవ సందేహము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ప్రేమను రోగముల పట్టికనుండి తొలగించినది. మన దేశపు మానసిక వైద్యుల సంఘము 2018లో అదే మాట చెప్పినది. మార్చివేసెదమని చెప్పి చేయు చికిత్సలు వైద్యవృత్తికి విరుద్ధమైన నడవడి యని జాతీయ వైద్య కమిషను 2022లో ప్రకటించినది. కావున మంత్రగాని యొద్దకు తీసికొనిపోవుటయు, వాతలు పెట్టించుటయు, పెండ్లి చేసినచో సరిపోవునని తొందరపడుటయు తగవు. అట్టి పెండ్లివలన మన బిడ్డ బ్రతుకుతో పాటు, ఏ పాపము నెరుగని మరొక యింటి బిడ్డ బ్రతుకును పాడగును.

చట్టము ఏమనుచున్నదని మూడవ సందేహము. 2014 ఏప్రిలు 15వ తేదీన సుప్రీం కోర్టు, తన లింగమేదో నిర్ణయించుకొను హక్కు మనుష్యునికే కలదని తీర్పు చెప్పెను. 2018 సెప్టెంబరు 6వ తేదీన, ఇష్టపూర్వకమైన స్వలింగ ప్రేమ నేరము కాదని తీర్పు చెప్పెను. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల రక్షణకై ఒక చట్టము చేసెను. స్వలింగ వివాహమునకు గుర్తింపు ఇయ్యవలెనను కోరికను మాత్రము 2023 అక్టోబరు 17వ తేదీన సుప్రీం కోర్టు అంగీకరింపలేదు. చట్టము కొంత దూరము నడచినది. మిగిలిన దూరము ఇండ్లలో నడువవలసినది.

ఇచట ఒక న్యాయమూర్తిగారి కథ చెప్పుట యుక్తము. మధురనుండి ఇద్దరు యువతులు కలిసి బ్రతుకుటకై చెన్నపట్టణము వచ్చి, తమ తలిదండ్రులనుండి, పోలీసులనుండి రక్షణ కోరి మద్రాసు హైకోర్టును ఆశ్రయించిరి. విచారణ చేసిన జస్టిస్ ఆనంద్ వెంకటేశ్‌గారు, ఈ విషయము తమకు తెలియదని దాచుకొనలేదు. తెలిసికొనక తీర్పు చెప్పరాదని, ఒక మనస్తత్త్వ నిపుణురాలి యెదుట కూర్చుండి నేర్చుకొని, ఆ పిమ్మటనే 2021 జూన్ 7వ తేదీన ఉత్తరువు ఇచ్చిరి. హైకోర్టు న్యాయమూర్తికి లేని సిగ్గు ఊరి పెద్దకు ఉండనేల? తెలియనిది తెలిసికొనుట పెద్దరికమునకు కొరత కాదు, అలంకారము.

ఇక మనము చేయదగిన పనులు. నేను పెద్ద పెద్ద పనులు చెప్పను.

మొదటిది, నట్టింటిలో టెలివిజను ముందు మన నవ్వును కాచుకొనుట. తెరమీద ఆడుపోకడ గల మగవానిని వెక్కిరించునప్పుడు తాత పగలబడి నవ్వును. తాతకు అది క్షణకాలపు వినోదము. వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న మనుమనికి, అది తన భవిష్యత్తును గూర్చిన తీర్పు. తాతకు చెప్పరాదని వాడు ఆ క్షణమున నిశ్చయించుకొనును. అట్లు నిశ్చయించుకొన్న పిల్లలే ఒక రాత్రి రైలెక్కి పోవుదురు. కొందరు అంతకంటె దూరము పోవుదురు. మనము ఏ నాడును ఆ పిల్లవానిని తిట్టి యుండము, కొట్టి యుండము. నవ్వితిమి, అంతియే. ఆ నవ్వే చాలును.

రెండవది, పిల్లలు చూచు కథలను అప్పుడప్పుడు వారితో కూర్చుండి చూచుట. భాష తెలియకున్నను పరవాలేదు, వారే చెప్పుదురు. ఆ కథలోని బిడ్డకు తల్లి యున్నదా, ఊరున్నదా, పని యున్నదా, కథ ముగియునప్పుడు వాడు బ్రతికి యున్నాడా అని అడుగుడు. కథ మంచిచెడ్డలు ఆ నాలుగు ప్రశ్నలతో తేలిపోవును. పూర్వము వీథినాటకమును ఊరంతయు కలిసి చూచినప్పుడు కలిగిన మేలు ఆ కాసేపైనను మరల కలుగును.

మూడవది, బడిలో, వీథిలో ఒక పిల్లవానిని నలుగురు చేరి ‘ఆడంగి’ యని ఏడిపించుచుండగా, ఆటలే కదా అని ఊరకుండకుండుట. ఊరి పెద్ద ఒక్క మాట అన్నచో ఆగిపోవు పని అది. ఆ ఒక్క మాట లేకపోవుటవలననే ఎందరో పిల్లలు చదువు మానుచున్నారు.

నాలుగవది, ఏ బిడ్డయైనను వచ్చి మనసు విప్పినప్పుడు, ఆ రాత్రియే ఏదియో తేల్చివేయవలెనని పూనుకొనక, ముందు అన్నము పెట్టుట. బిడ్డ మనసు మిక్కిలి క్రుంగి యున్నదని తోచినచో, భారత ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ అను ఏర్పాటు కలదు. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు. ఆ సంఖ్యను గోడమీద, కాలెండరు ప్రక్కన, వ్రాసి పెట్టుకొనుడు. ఎవరి కొరకని ఎవరికిని చెప్పనక్కరలేదు. చూడవలసినవారు చూచుకొందురు.

మన సీమ పెద్దలకు ఇది కొత్త ధర్మమేమియు కాదు. గంగమ్మ ఇన్ని వేషములు దాల్చినది ఎందులకు? వేడుకకు కాదు. తమ యింటిలోనే, తమ ఊరిలోనే భయముతో బ్రతుకుచున్న బిడ్డలకు దిక్కగుటకు. చీర కట్టిన మగవానిని చూచి నవ్వరాదని ఆ తల్లి మనకు ఏడు దినములు నేర్పుచున్నది. తక్కిన దినములలోను ఆ పాఠమును మరువక, తెరమీద కనబడు బిడ్డను ఇంటిలోని బిడ్డగా ఎంచగలిగినచో, ఫోనులోని కథలకు మనము వెరవనక్కరలేదు. అట్టి యింటిలో పిల్లవాడు తన కథను ముందుగా మనకే చెప్పును.